ముసురు వేరు, గాలివాన వేరు

వాన అంటే వానే కదా అనుకుంటాం. మన భాష మాత్రం అలా అనుకోలేదు. రోజంతా సన్నగా పట్టి వదలనిది ముసురు. కాసేపు కురిసి పోయేది జల్లు. ఈదురుగాలితో, ఉరుములు మెరుపులతో విరుచుకుపడి గంటలో తేల్చేసేది గాలివాన. సముద్రం మీద పుట్టి, రోజుల ముందే కబురు పంపి వచ్చేది తుఫాను. పొరలుగా పరుచుకునే మేఘాల వాన ఒక రకం, నిలువునా పెరిగే మేఘాల వాన ఇంకో రకం అని వాతావరణ శాస్త్రం చెప్పే తేడా ముసురు, గాలివాన అనే రెండు మాటల్లోనే ఉంది.

2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ మనందరికీ గుర్తే. కానీ మాకవరపాలెంలో మనకి ఎక్కువసార్లు ఎదురయ్యేది తుఫాను కాదు, వేసవి సాయంత్రపు గాలివాన. దాని గురించే ఈ వ్యాసం.

గాలివానకి మూడు కావాలి: వేడి, తేమ, గాలిని పైకి తోసే బలం. మన చోట మూడూ దొరుకుతాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నారు కదా, వేడికి కొదవలేదు. ఆగ్నేయం వైపున్న బంగాళాఖాతం నుంచి మధ్యాహ్నానికి సముద్రపు గాలి తేమ మోసుకొస్తుంది. వాయవ్యం వైపు చింతపల్లి, లంబసింగి కొండలు ఆ గాలిని పైకెక్కిస్తాయి.

పైకెళ్ళే గాలి మొదట కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. అందులోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలైతే గుప్తోష్ణం విడుదలై, చల్లబడే వేగం తగ్గుతుంది. చుట్టూ ఉన్న గాలి కన్నా వెచ్చగా ఉన్నంతసేపు అది పైకి పోతూనే ఉంటుంది. థర్మోడైనమిక్స్‌లో చదివిందే, కాకపోతే ఇక్కడ సిలిండర్ ఎత్తు పది కిలోమీటర్ల పైమాటే.

మరి రోజూ ఎందుకు రాదు? చాలా రోజుల్లో పైన ఒక వెచ్చని పొడిగాలి పొర మూతలా కూర్చుంటుంది. కింద మనకి ఉక్కపోతే మిగులుతుంది. ఏ రోజైతే ఆ మూత లేస్తుందో, ఆ రోజు కుక్కర్ విజిల్ వేసినట్టు మేఘం ఒక్కసారిగా ఎగుస్తుంది.

దాని బలం ఎంతో లెక్క కడదాం. ఒక చదరపు కిలోమీటరు మీద 1 సెంటీమీటరు వాన పడితే అది కోటి కిలోల నీరు. కిలో ఆవిరి నీరుగా మారితే దాదాపు 25 లక్షల జౌళ్ళ వేడి విడుదలవుతుంది. రెండూ గుణించి కరెంటు యూనిట్లలోకి మారిస్తే దగ్గర దగ్గర 70 లక్షల యూనిట్లు!

కురిసే బొట్లలో కొన్ని దారిలోనే ఆవిరై చుట్టూ గాలిని చల్లబరుస్తాయి. చల్లగాలి బరువు, అందుకే దభాలున కిందికి దిగి నేల మీద నలువైపులా పరుగెడుతుంది. అదే ఈదురుగాలి. తోటల్లో మామిడికాయలు రాలేది ఎక్కువగా దీనికే. "అబ్బ, చల్లగాలి!" అని మనం మేడ మీదికి ఎక్కే సమయానికి గాలివాన ముందు అంచు మనల్ని తాకేసిందన్నమాట.

ఇక పిడుగు. మేఘం లోపల మంచు పలుకులు, చిన్న వడగళ్ళు ఢీకొని విద్యుదావేశం విడిపోతుంది. దేశంలో పిడుగులకి ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. వాళ్ళలో ఎక్కువమంది పొలాల్లో, చెట్ల కింద ఉన్నవాళ్ళు.

ఉరుము వినగానే "అర్జునా ఫల్గుణా" అనుకోవడం మనకి అలవాటు. ఇకపై ఇంకొంచెం ముందు, మెరుపు కనబడగానే అంకెలు లెక్కపెట్టండి. ధ్వని కిలోమీటరు దూరం రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. 30 లెక్కపెట్టేలోగా ఉరుము వినబడితే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది. అంటే తర్వాతది మన దగ్గర పడొచ్చు. వెంటనే పక్కా భవనంలోకి వెళ్ళాలి. తలుపులు మూసిన కారు కూడా పర్వాలేదు. కాపాడేది టైర్లు కాదు, కరెంటుని పక్క నుంచి నేలకి పంపే లోహపు ఒళ్ళు. బైకుకి ఆ ఒళ్ళు లేదు. చెట్టు నీడ, రేకుల పందిరి అసలే వద్దు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాలి.

తుఫానుకి రోజుల ముందు హెచ్చరిక వస్తుంది. గాలివానకి దక్కేది కొద్ది గంటలే, ఒక్కోసారి నిమిషాలే. పుణె వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ మన చుట్టుపక్కల పడుతున్న పిడుగుల్ని చూపిస్తుంది. ఫోన్లో పెట్టుకోండి. ఊళ్ళో పొలం పనికెళ్ళే అమ్మానాన్నల ఫోన్లో కూడా పెట్టి, ఆ 30 లెక్క నేర్పండి. మనకన్నా వాళ్ళకే దాని అవసరం ఎక్కువ.