తిరిగి వ్రాసిన కథ

కథ చెప్పుట ఒక యెత్తు. చెప్పిన కథను కాగితముమీద పెట్టి, కొట్టివేసి, మరల వ్రాయుట మరియొక యెత్తు. మొదటిదానిలో ఉల్లాసము కలదని అందరును ఒప్పుకొందురు. రెండవది వట్టి చాకిరి యని పలువురి తలంపు. ఆంగ్లదేశమున ఒక గణితోపాధ్యాయునకు మాత్రము ఈ రెండవ పనియే ముప్పదేండ్లకు పైబడి తీరని వేడుకయైనది.

ఆయన పేరు చార్లెస్ డాడ్జ్‌సన్. లోకమునకు లూయీ కెరోల్ అను మారుపేరుతో తెలిసినవాడు. ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్‌చర్చి కళాశాలలో గణితము బోధించుచుండెను. 1862 జూలై 4వ తేదీన ఆయనయు, మిత్రుడొకడును, కళాశాలాధిపతి కుమార్తెలగు ముగ్గురు బాలికలును పడవనెక్కి థేమ్సు నదిలో విహారమునకు పోయిరి. దారిలో బాలికలు కథ చెప్పుమని పట్టుపట్టిరి. ఆయన ముందువెనుకలు చూడక ఒక పిల్లను కుందేటి బొరియలో పడవేసి, ఆపై ఏమగునో తనకే తెలియకుండ కథ సాగించెను. ఆ పిల్లకు పదేండ్ల నడిమి బాలిక పేరే పెట్టెను: ఆలిస్. విహారము ముగిసిన పిమ్మట ఆ కథను వ్రాసి యిమ్మని ఆలిస్ కోరెను.

మరునాడే రైలులో కూర్చుండి ఆయన కథాఘట్టములకు శీర్షికలు వ్రాసికొనెను. కాని పూర్తిప్రతి ఆలిస్ చేతికి అందుటకు రెండేండ్లకు పైగా పట్టినది. తొంబది పుటలను ముత్యములవంటి అక్షరములతో నింపి, ముప్పదియేడు బొమ్మలను తానే గీసి, 1864 నవంబరు 26న దానిని ఆమెకు కానుకగా ఇచ్చెను. అందున్నవి నాలుగధ్యాయములే.

ఈలోపుననే ఆ కథను జార్జి మెక్‌డొనాల్డ్ అను నవలాకారుని యింట పిల్లలకు చదివి వినిపించిరి. ఆ యింటి బాలుడు గ్రెవిల్ విని, ఇట్టి పుస్తకములు అరువదివేలు ఉండవలెనని తీర్పు చెప్పెనట! దానిని అచ్చువేయింపవలెనని పెద్దలు ప్రోత్సహించిరి. ఆయన అంగీకరించెను గాని, ఉన్నదానిని ఉన్నట్లుగా అచ్చునకు పంపలేదు. మరల కలము పట్టెను. 1865లో పుస్తకము వెలువడునప్పటికి నాలుగధ్యాయములు పండ్రెండైనవి.

ఆయన చేసిన మార్పులలో ఒకదానిని నిదానముగ పరిశీలింపవలెను. కథలో ఆలిస్ తన కన్నీటి మడుగులో తానే యీదును. ఆమెతో పాటు ఎలుకయు, బాతును, డోడో అను పక్షియు తడిసి ముద్దయి గట్టెక్కును. వారి ఒడలు ఆరుటెట్లు? వ్రాతప్రతిలో డోడో పక్షి, దాపున ఒక ఇల్లు కలదని చెప్పి అందరిని అచటికి కొనిపోవును. అందరును కంబళ్లు కప్పుకొని నిప్పు దగ్గర కూర్చుందురు. ఇది నిజముగ జరిగిన సంగతి. 1862 జూన్ 17న ఆ బాలికలే మరియొక విహారమున వానలో తడిసి, ఒక యింట బట్టలు ఆరబెట్టుకొనిరి. ఆనాడు తడిసినవారికి ఈ ఘట్టము చదివినంతనే నవ్వు వచ్చును. తక్కినవారికి అందులో ఏమున్నది? ఒక ఇల్లు, ఒక నిప్పు, కొన్ని కంబళ్లు.

కెరోల్ ఆ ఘట్టమును నిస్సంకోచముగ తీసివేసెను. తనకు ప్రియమైన జ్ఞాపకమును కొట్టివేయుట ఏ రచయితకును సులభము కాదు. దాని స్థానమున ఒక పరుగుపందెమును కల్పించెను. దానికి మొదలు లేదు, తుద లేదు. ఎవరికి తోచినప్పుడు వారు పరుగెత్తవచ్చును, తోచినప్పుడు ఆగవచ్చును. అరగంట గడచి ఒడలు ఆరినంతనే పందెము ముగిసినదని డోడో ప్రకటించును. గెలిచినదెవరు? అందరును! మరి బహుమానములిచ్చు నదెవరు? ఆలిస్! ఆమె జేబులోని మిఠాయిబిళ్లలు తలకొకటి చొప్పున సరిపోగా ఆమెకు ఏమియు మిగులదు. ఆమె జేబులోనే ఉన్న, కుట్టుపనిలో వ్రేలికి పెట్టుకొను తొడుగును తీసికొని, దానినే ఆమెకు బహుమానముగా గంభీరముగ సమర్పింతురు. ముగ్గురు బాలికల ఇంటి ముచ్చట తొలగి, ఏ ఊరి పిల్లలైనను నవ్వదగిన ఘట్టము వచ్చినది.

చిన్న సవరణలందును ఆయనకు ఇట్టి సరదాయే. ఆలిస్‌ను పెద్దదిగను చిన్నదిగను చేయు పుట్టగొడుగునకు మొదట పైభాగము ఒక గుణము, కాడ మరియొక గుణము కలవిగా వ్రాసెను. అచ్చులో వానిని ఒక ప్రక్క, రెండవ ప్రక్క అని మార్చెను. గుండ్రని పుట్టగొడుగునకు ప్రక్క లెక్కడివి? లెక్కల పండితుని కొంటెతనమిది. బంతిని కొట్టు కొయ్యసుత్తులకు బదులు మొదట బ్రతికియున్న నిప్పుకోళ్లు ఉండెడివి. తరువాత ఫ్లెమింగో పక్షులు వచ్చినవి. పసిబాలిక చంకలో నిప్పుకోడి ఇముడునా!

నేడు ఆలిస్ పేరు చెప్పినంతనే స్ఫురించు నవ్వెడి పిల్లి గాని, పిచ్చివారి తేనీటి విందు గాని ఆ కానుకప్రతిలో లేనే లేవు. అవి తిరిగి వ్రాయుటలో పుట్టినవి. మొదటి కథ ఒక మొదలు కాగా, వ్రాసినకొలది క్రొత్త తలంపులు దానిపై తమంతట తామే మొలచినట్లు తోచినదని ఆయన 1887లో ఒక వ్యాసమున తెలిపెను. తోటమాలి మాటవలె నున్నది గాని, కూలివాని మాటవలె లేదు.

అచ్చైన పిమ్మటను ఆయన చేయి ఊరకుండలేదు. బొమ్మలు సరిగా పడలేదని చిత్రకారుడు టెన్నియల్ అసంతృప్తి చెందగా, మొదటి రెండువేల ప్రతుల ముద్రణమును ఉపసంహరించి, వ్యయమునకు వెరవక మరల అచ్చు వేయించెను. రెండవ ఆలిస్ పుస్తకమున, టోపాజుట్టు పెట్టుకొన్న కందిరీగ ఘట్టము చిత్రమునకు లొంగదని అదే చిత్రకారుడు వ్రాయగా, దానిని పూర్తిగా తీసివేసెను. అయితే 1890లో అయిదేండ్ల లోపు పసివారికై ఆలిస్ కథను ఆయన మరల వ్రాసినపుడు పూర్వపు చురుకుదనము సన్నగిల్లెను. అందు కథకంటె బొమ్మల వివరణము ఎక్కువ. ఏమి నవ్వవలెనో పిల్లలకు వ్రేలితో చూపినట్లుండును.

ఇక చివరి సవరణ. బొంతకాకికిని వ్రాతబల్లకును పోలిక యేమని విందులో ఒక పొడుపుకథ కలదు. దానికి విడుపు మొదట ఆయన ఉద్దేశింపనే లేదు. పాఠకులు మాటిమాటికి అడుగుచుండగా, 1896లో, అరువదినాలుగేండ్ల వయస్సున, క్రొత్త ముద్రణపు పీఠికలో ఒక సమాధానము వ్రాసెను. ముందువెనుకలు తారుమారుగ పెట్టుట ఎన్నడును జరుగదని దాని చివరి భాగము. ‘ఎన్నడును కాదు’ అను అర్థముగల ఆంగ్లపదమును ఆయన ఒక అక్షరము మార్చి, కావలెననియే తప్పుగా వ్రాసెను. దానిని తుదినుండి మొదటికి చదివిన బొంతకాకి ఆంగ్లనామము వచ్చును! తరువాతి ముద్రణమున ఎవరో అచ్చుతప్పనుకొని ఆ అక్షరమును శ్రద్ధగా దిద్దివేసిరి. 1898 జనవరిలో కెరోల్ మరణించెను. ఆ అక్షరములోని చమత్కారమును 1976లో ఒక పరిశోధకుడు బయటపెట్టువరకు, పాఠకులు సరిదిద్దిన పదమునే చదువుచుండిరి.