ఆంధ్ర మిల్టన్ యౌవనం

చిలకమర్తి లక్ష్మీనరసింహం గారిని మనం సాధారణంగా ‘గయోపాఖ్యానం’ నాటకకర్తగా, ‘గణపతి’ నవలా రచయితగా స్మరిస్తాం. ఆ కీర్తి రాకముందు ఆయన చూపు సరిగా లేని ఒక విద్యార్థి. ఇంటర్మీడియట్ చదివే వయస్సులో అటువంటి లోపంతో చదువును, జీవనోపాధిని సంపాదించుకోవడం ఆ కాలంలో ఎంత కష్టమో ఆయన జీవితం తెలుపుతుంది.

చిలకమర్తి 1867 సెప్టెంబరు 26న గోదావరి మండలంలోని ఖండవల్లిలో జన్మించారు. బాల్యం వీరవాసరంలో గడిచింది. చిన్ననాటి నుండి ఆయనకు రేచీకటి ఉండేది. పగటి వెలుగులోనూ చూపు అంతంతమాత్రమే. రేచీకటి అనగానే నేటి విద్యార్థికి విటమిన్ ‘ఎ’ లోపమో, వంశానుగతంగా వచ్చే రెటీనా వ్యాధియో గుర్తుకు వస్తుంది. కాని విటమిన్ ‘ఎ’ని శాస్త్రజ్ఞులు గుర్తించిందే 1913 ప్రాంతంలో. చిలకమర్తి బాల్యంలో గోదావరి పల్లెల్లో నాటువైద్యమూ, దైవప్రార్థనా తప్ప వేరొక ఉపాయం దాదాపు లేదు.

దీపం వెలుగున చదవలేని విద్యార్థికి రాత్రి సమయమంతా పోయినట్లే. ఆముదపు దీపాల కాలంలో కంటిచూపు బాగున్నవారికే రాత్రి చదువు కష్టం. మరి ఆయన చదివిందెలా? తోటివారు బిగ్గరగా చదువుతుంటే విని, విన్నదానిని ధారణలో నిలుపుకొని చదివారు. ఇది గొప్ప జ్ఞాపకశక్తికి నిదర్శనమని చెప్పి ఊరుకోవడం వాడుక. నా దృష్టిలో అది సగం మాటే. చదివి వినిపించిన ఆ గొంతులు లేకపోతే ఎంతటి ధారణాశక్తి అయినా దేనిని పట్టుకొంటుంది? ఆ సహాధ్యాయుల పేర్లు మన పాఠ్యగ్రంథాలకెక్కలేదు.

సరిగ్గా ఆయనకు ఇరవయ్యేండ్లు వచ్చిన 1887లోనే మనదేశంలో అంధుల కోసం తొలి పాఠశాల అమృతసర్‌లో ఏర్పడింది. ఫ్రాన్సులో లూయీ బ్రెయిల్ 1824 నాటికే ఉబ్బెత్తు చుక్కల లిపిని రూపొందించినప్పటికీ, భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడి బ్రెయిల్ లిపి స్థిరపడింది 1951లో. అప్పటికి చిలకమర్తి మరణించి ఐదేండ్లయింది. కనుక తన వ్రేళ్లతో తెలుగు చదువుకొనే అవకాశం ఆయనకు ఏనాడూ కలుగలేదు. అయినా 1889లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. అప్పటికి వయస్సు ఇరవై రెండు.

తరువాత రాజమహేంద్రవరంలో తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేశారు. తరగతి గదిలో ముందు వరుస ముఖాలే మసకగా కనిపించే ఉపాధ్యాయునికి పద్యం కంఠస్థమై ఉండడం అలంకారం కాదు, అవసరం. ఆ ఊరిలోనే ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి నాటక సమాజం కోసం నాటకాలు వ్రాశారు. ‘గయోపాఖ్యానం’ వాటిలో ప్రసిద్ధం. తరువాత ‘ఆంధ్రకేసరి’గా పేరుగాంచిన టంగుటూరి ప్రకాశం బాలనటునిగా ఆ సమాజంలో వేషాలు కట్టారు. ఆ నాటకం లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. 1894లో ‘చింతామణి’ పత్రిక నిర్వహించిన నవలల పోటీలో ఆయన ‘రామచంద్ర విజయం’ బహుమతి పొందింది. కాలక్రమాన మిగిలిన చూపు కూడా పోయింది. రచన మాత్రం ఆగలేదు. ఆయన చెబుతుండగా ఇతరులు వ్రాసేవారు.

ఇక్కడ ‘ఆంధ్ర మిల్టన్’ అన్న బిరుదును గూర్చి ఒక మాట. ఆంగ్లకవి మిల్టన్ పూర్తిగా చూపు కోల్పోయింది 1652లో, నలుబది దాటిన తరువాత. అప్పటికే ఆయన లాటిన్, గ్రీకు గ్రంథాలను కన్నులారా చదివినవాడు. చిలకమర్తికి ఆ అదృష్టం లేదు. చదువు మొదలైన నాటి నుండే ఆయన చూపుతో బేరమాడవలసి వచ్చింది. పైగా మిల్టన్ గంభీర కావ్యకర్త. మన గణపతి ఆగడాలు చదివి నవ్వనివారు అరుదు. పోలిక గౌరవంగానే ఉన్నా, కొలత సరిపోదు.

చూపులేమి ఆయనను ఇంటికి పరిమితం చేయలేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చినప్పుడు సభలో ఉండి, భారతదేశాన్ని పాడియావుతో పోల్చుతూ ఆశువుగా చెప్పిన పద్యం ఊరూరా వ్యాపించింది. కాగితం అక్కరలేని ఆశుకవిత్వం ఆయనకు బాగా ఒదిగిన విద్య. 1909లో దళిత బాలబాలికల కోసం రామమోహన్ రాయ్ పేరుతో పాఠశాల నెలకొల్పారు. బడి గుమ్మం దగ్గరే ఆగిపోయేవారి బాధ ఆయనకు తెలియనిది కాదు, కారణాలు వేరైనా.

నేడు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం నలుబది శాతం, అంతకు మించిన వైకల్యం గల విద్యార్థులకు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. చూపులేని విద్యార్థి లేఖకుని సహాయంతో పరీక్ష వ్రాయవచ్చు. ఒకనాడు స్నేహితుల దయగా లభించినది ఈనాడు హక్కుగా మారింది. అయితే పాఠ్యపుస్తకం శ్రవణరూపంలో సకాలంలో అందని కళాశాలలో ఆ విద్యార్థి ఇప్పటికీ ప్రక్కవాని గొంతుకై ఎదురుచూడవలసిందే.

1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం చిలకమర్తికి కళాప్రపూర్ణ బిరుదునిచ్చింది. జీవిత చరమదశలో ఆయన తన ‘స్వీయచరిత్రము’ను ఆసాంతం నోటితో చెప్పి వ్రాయించారు. అర్ధశతాబ్ది నాటి మనుష్యులు, సభలు, తగవులు అందులో ఒకదాని వెంట ఒకటిగా వస్తాయి. 1946 జూన్ 17న ఆయన కన్నుమూశారు.