ప్రకృతి ఫొటోగ్రఫీ: మీ ఊరి గుట్ట దగ్గరే మొదలుపెట్టండి

తెలంగాణలో జాతీయ పార్కులు మూడే: కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్‌లోనో, దాని శివార్లలోనో ఉన్నాయి. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఆ హోదా ఉన్న అడవి ఒక్కటీ లేదు. అయితే ఈ రెండు జిల్లాల దక్షిణపు కొసన, కృష్ణ ఒడ్డు పొడవునా, 2,600 చదరపు కిలోమీటర్లు దాటిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం రాష్ట్ర విభజనతో రెండైనప్పుడు మన వాటాకు వచ్చిన నల్లమల ఇది. ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రఫీ నేర్చుకుని దాంతో బతకాలనుకునే అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ పిల్లలు దీని గుమ్మంలోనే ఉన్నారు.

కెమెరా కొనగానే లడఖ్ ప్రయాణం గురించి ఆలోచించే యువతను చాలామందిని చూస్తుంటాను. లడఖ్ ఫొటోలు ఇప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి. శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టం నుంచి దిగుతూ వస్తుంటే సోమశిల ఒడ్డున నెలనెలా కొత్త నేల బయటపడుతుంది, ఎదుటి గట్టున సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి పైకి తేలుతుంది. ఆ మార్పును ఏడాది పొడవునా ఒకే చోట నిలబడి తీసినవాళ్లు ఎందరున్నారు? దశాబ్దాలుగా పాలమూరు పేరుతో పత్రికల్లో కనిపించింది నెర్రెలిచ్చిన చెలకలు, మూటాముల్లె సర్దుకుని బస్సెక్కే వలస కూలీలు. నల్లగొండ అంటే ఫ్లోరైడ్‌తో వంకరపోయిన కాళ్లు. అవి నిజాలే, చూపించాల్సినవే. కానీ ఈ నేల రూపును అంతే శ్రద్ధగా చూపినవాళ్లు తక్కువ. కొత్తగా వచ్చేవాళ్లకు పని ఉన్నది అక్కడే. వరంగల్ వాసి భరత్ భూషణ్ 2022లో కన్నుమూసేదాకా దశాబ్దాల పాటు తెలంగాణ పల్లెను, బతుకమ్మను, పాత ఇళ్ల వాకిళ్లను తీస్తూనే ఉన్నారు. ఆయన పేరు నిలిచింది ఆ పట్టుదల వల్లే.

తిండి పెట్టే పని ఏది?

ఉన్నమాట ముందే చెప్పుకోవాలి. కొండలు, నదులు మాత్రమే తీసి ఇల్లు నడిపేవాళ్లు మన దేశంలో బహు కొద్దిమంది. మిగతావాళ్లంతా దీనికి పక్కన ఇంకో పని పెట్టుకున్నవాళ్లే. పెళ్లిళ్లు, ఫంక్షన్లు, రిసార్టుల బ్రోచర్లు, పర్యాటక ప్రచారం, పత్రికలు, స్వచ్ఛంద సంస్థల డాక్యుమెంటేషన్, హోటళ్ల గోడలకు పెద్ద ప్రింట్లు, స్టాక్ ఏజెన్సీలకు అమ్మకం... దారులు ఇలా ఉంటాయి. స్టాక్ ఫొటోలతో వచ్చేది చిల్లర. దాన్నే నమ్ముకోవద్దు.

వీటన్నిటికన్నా ముందుగా జీతం ఇచ్చేది ఎడిటింగ్. మహబూబ్‌నగర్, నల్లగొండ, మిర్యాలగూడ స్టూడియోల్లో సీజన్ వచ్చిందంటే ఆల్బమ్ డిజైనర్‌కూ, కలర్ కరెక్షన్ చేసేవాళ్లకూ ఊపిరాడదు. హైదరాబాద్‌లో ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకు, యాడ్ ఏజెన్సీలకు రీటచింగ్ చేసేవాళ్లు కావాలి. ల్యాండ్‌స్కేప్ ఎడిటింగ్‌లో చెయ్యి తిరిగినవాళ్లకు ఆ పనులన్నీ తేలికే, ఎందుకంటే వెలుగు ఎక్కువున్న ఆకాశాన్నీ, చీకటి కమ్మిన నేలనూ ఒకే ఫొటోలో సరిదిద్దడం కన్నా కష్టమైన కసరత్తు ఇంకొకటి లేదు.

ఇంకో పని ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒకే చోట, ఒకే కోణంలో, ఏటా అదే కాలంలో ఫొటో తీసి దాచడం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతే చూడండి. 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ కూలింది. మరుసటి ఏడాది సెలైన్ సీసాలతో చెదల మందు ఎక్కిస్తున్న ఆ చెట్టు ఫొటోలు దేశమంతా తిరిగాయి. అంతకు ముందు పదేళ్లు ఏటేటా ఒకే కోణంలో తీసిన వరస ఫొటోలు ఉండుంటే, ఏ కొమ్మ ఎప్పుడు వాలడం మొదలైందో అధికారులకు కళ్లకు కట్టేది. చెరువుల ఆక్రమణ, గుట్టల క్వారీలు, అడవిలో కార్చిచ్చు తర్వాత మళ్లీ వచ్చే పచ్చదనం... ఇలాంటి రికార్డు పరిశోధకులకు, అటవీ శాఖకు, కోర్టులకు కూడా అక్కరకొస్తుంది.

ఫొటో అడవిని కాపాడిన చరిత్ర కూడా ఉంది. 1871లో అమెరికాలో హేడెన్ సర్వే బృందంతో వెళ్లిన విలియం హెన్రీ జాక్సన్ ఎల్లోస్టోన్‌లో తీసిన ఫొటోలు అక్కడి కాంగ్రెస్ సభ్యుల ముందుకు వెళ్లాయి. 1872లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కు అయింది. మన దగ్గర 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన మీద జనం కదిలి, శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అలాంటి రోజున ఆ అడవి ఎలా ఉంటుందో చూపించగలిగిన స్థానికుల మాటకు బరువుంటుంది.

ఫ్రేమ్ ఎక్కడ దొరుకుతుంది

ఈ ప్రాంతంలో రెండు రకాల నేలలు ఉన్నాయి, ఒకదానికి పనికొచ్చిన కూర్పు రెండోదానికి పనికిరాదు. పైన మహబూబ్‌నగర్, నల్లగొండ మైదానం గ్రానైట్. గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బోడగుట్టలు, మధ్య ఖాళీ చెలకలు. దక్షిణాన అమ్రాబాద్ పీఠభూమి ఎక్కితే రాయే మారిపోతుంది. అక్కడ క్వార్ట్‌జైట్ పొరలు పొరలుగా, బల్లపరుపుగా పరుచుకుని, కృష్ణ వైపు నిటారుగా తెగిపోతుంది.

బోడగుట్ట ఫొటోల్లో వచ్చే చిక్కు ఖాళీ. గుట్ట ఎక్కడో దూరాన చిన్నగా, ముందంతా ఏమీ లేని నేల. మోకాళ్ల మీద కూర్చోండి. పూసిన తంగేడునో, సీతాఫలం పొదనో, బండ మీది పగులునో ముందు వరసలోకి తెచ్చి వైడ్ లెన్స్‌తో తీస్తే గుట్టకూ మీకూ మధ్య దూరానికి అర్థం వస్తుంది. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య పెట్టుకుంటే దగ్గరిదీ దూరానిదీ చాలావరకు స్పష్టంగా వస్తాయి. గుట్ట కింద చెరువుంటే గాలి లేవకముందే, అంటే పొద్దు పొడిచిన తొలి అరగంటలో, నీడ నీళ్లలో కదలకుండా ఉంటుంది.

నల్లమలలో చిక్కు దీనికి తలకిందులు. అంతా నిండుగానే ఉంటుంది. మద్ది, తిరుమాను, టేకు, వెదురు కలగలిసిన అడవిలోకి వైడ్ లెన్స్ తిప్పితే గజిబిజి తప్ప ఏమీ రాదు. టెలిఫొటో లెన్స్‌తో ఒక మానునో, ఒక మలుపునో విడదీయండి. మబ్బు పట్టిన రోజును వదులుకోవద్దు, ఎండ మచ్చలు లేని ఆ వెలుగులోనే అడవి లోపలి పచ్చదనం నిలుస్తుంది. వటవర్లపల్లి దగ్గరి మల్లెల తీర్థం జలపాతంలో వానల తర్వాత ధార బాగుంటుంది. ట్రైపాడ్ మీద అర సెకను షట్టర్, తడి ఆకుల మెరుపును తగ్గించే పోలరైజర్ ఉంటే చాలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలి అడవి గోధుమరంగు తిరుగుతుంది, దాని మధ్య మోదుగ ఎర్రగా పూస్తుంది. చాలామంది ఆ కాలంలో అడవికి పోరు. నా దృష్టిలో నల్లమల ఫొటోకు అంతకు మించిన కాలం లేదు.

దోమలపెంట దగ్గరి ఆక్టోపస్ వ్యూ పాయింట్ ఫొటోలు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. మెలికలు తిరిగిన కృష్ణను మొత్తం ఇరికించాలని చూసిన ఫొటోలే అవన్నీ. ఒక్క మెలికను మాత్రమే తీసుకుని, నీటి గీత ఫ్రేమ్‌లోకి ఏ మూల నుంచి వస్తోందో, ఏ మూలకు పోతోందో చూసుకోండి. దాని వెనక కొండల వరసలు ఒక్కొక్కటీ ముందుదానికన్నా పలచబడుతూ పోతాయి. ఆ మసకే లోతు.

ఇక్కడ గడియారం కూడా చూసుకోవాలి. మన్ననూరు, దోమలపెంట మధ్య శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. వేసవిలో ఆరింటికి ముందే పొద్దు పొడుస్తుంది కాబట్టి బయటి నుంచి వెళ్లేవాళ్లకు తొలి వెలుగు దక్కదు. డిసెంబరు, జనవరిలో సూర్యోదయం ఆరున్నర దాటాకే, గేటు తీయగానే బయల్దేరితే కొంత సమయం చిక్కుతుంది. నల్లగొండ వైపు నేరెడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీ దగ్గర సాగర్ వెనుక జలాలు ఉదయం, సాయంత్రం రెండు పూటలా పనికొస్తాయి.

వెలుగు గురించి నేర్చుకోవాలంటే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో ఒక పగలంతా కూర్చోండి. గర్భగుడి గోడ మీద రోజంతా కదలక నిలిచే ఆ నీడ, పలు దిక్కుల నుంచి లోపలికి చెదిరి వచ్చే వెలుగు వల్ల ఏర్పడేది. నేరుగా పడే వెలుగు ఎలా ఉంటుంది, చెదిరిన వెలుగు ఎలా ఉంటుంది అన్న తేడా కంటికి అలవాటైతే ఫొటోగ్రఫీలో సగం వచ్చినట్టే.

కంప్యూటర్ ముందు

రా ఫైల్‌లోనే తీయండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 14 బిట్ రా ఫైల్‌లో 16,384. నీడలో ఉన్న బండను ఎడిటింగ్‌లో పైకి తెచ్చినప్పుడు తేడా కనిపిస్తుంది. లైట్‌రూమ్ చందా కట్టలేనివాళ్లకు డార్క్‌టేబుల్, రాథెరపీ, జింప్ ఉచితంగా దొరుకుతాయి, అవి తక్కువేమీ కావు.

మొదట దిగంతరేఖ వంకర సరిచేయాలి, తర్వాత క్రాప్. ఆ తర్వాతే వెలుగు, రంగు. సాయంత్రం గ్రానైట్ మీద పడే గులాబీ ఛాయను ఆటో వైట్ బ్యాలెన్స్ తుడిచేస్తుంది. డేలైట్ సెట్టింగ్, అంటే 5,200 నుంచి 5,500 కెల్విన్ మధ్య మొదలుపెట్టి చూడండి. వానకాలపు ఆకులకు శాచురేషన్ పెంచితే ప్లాస్టిక్ తీగల్లా కనిపిస్తాయి. పచ్చరంగును మాత్రమే ఎంచుకుని కాస్త తగ్గించాలి. డీహేజ్ స్లైడర్ దగ్గర చెయ్యి ఆపుకోండి, కృష్ణ లోయలోని మసకను తీసేస్తే కొండల మధ్య దూరమే పోతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 300 పీపీఐ దగ్గర 20 అంగుళాల వెడల్పు ప్రింటుకు సరిపోతుంది. నెలకు ఒకటైనా ప్రింట్ వేయించండి, మానిటర్ దాచిన తప్పులను కాగితం చూపిస్తుంది.

ఎడిటింగ్ ఎంతవరకు న్యాయం? అమెరికా ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ 1927లోనే యోసెమిటీ హాఫ్ డోమ్ కొండను తీస్తూ ఎర్ర ఫిల్టర్ పెట్టి ఆకాశాన్ని నల్లబరిచాడు. తర్వాత ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి, వెలుగునీడలను మెట్లుగా విడదీసి అదుపు చేసే జోన్ పద్ధతి రూపొందించాడు. ఉన్న వెలుగును మనసుకు తట్టినట్టు దిద్దడం ఈ కళలో మొదటి నుంచీ ఉన్నదే. లేనిదాన్ని తెచ్చి పెట్టడం వేరే సంగతి. 1982లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం కోసం గీజా పిరమిడ్లను దగ్గరికి జరిపారు, ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో గెలిచిన ఒక ఫొటోలోని జంతువు బొమ్మ అని తేలి 2018లో బహుమతి వెనక్కి తీసుకున్నారు. పెద్ద పోటీలు రా ఫైల్ అడుగుతాయి. ఆకాశం మార్చిన ఫొటోను వాల్ పేపర్‌గా అమ్ముకోవచ్చేమో గానీ, నల్లమల ఫొటోగా చూపించడం మోసం.

చదువు, చట్టం

ఇంటర్ తర్వాత హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీ తర్వాత ఢిల్లీ జామియా మిలియాలో స్టిల్ ఫొటోగ్రఫీ పీజీ డిప్లొమా, గాంధీనగర్ ఎన్ఐడీలో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డెస్. ఊటీలోని లైట్ అండ్ లైఫ్ అకాడమీకి మంచి పేరుంది, ఖర్చు చూసుకుని అడుగేయండి. పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండినవాళ్లు డ్రోన్ పైలట్ శిక్షణ తీసుకోవచ్చు. సర్వే పనుల్లో, సినిమాల్లో దానికి గిరాకీ ఉంది. డ్యామ్‌ల మీద, అభయారణ్యం మీద అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేస్తే కేసే.

అభయారణ్యంలో ఫొటోలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి. 2022 సవరణ ఇంకో షరతు కలిపింది: ఫొటో కోసం ఆవాసాన్ని ఏమాత్రం మార్చకూడదు. కొమ్మ విరిచినా తప్పే. చెంచుల గూడేలైన పెంటల్లోకి వెళ్తే అడిగి తీయండి, వద్దంటే మానేయండి. వాళ్లను గైడ్లుగా తీసుకుంటే కూలి పూర్తిగా ఇవ్వండి. ఏ వాగు ఎప్పుడు పారుతుందో, ఏ బండ మీద ఎప్పుడు వెలుగు పడుతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

పోర్ట్‌ఫోలియోకు ఇరవై ఫొటోలు చాలు, ఒకే ప్రాంతానివి, కనీసం రెండు కాలాలవి. ప్రతి ఫొటో కింద ఊరి పేరు, నెల, అక్కడి రాయి, చెట్టు పేర్లు తెలుగులో రాయండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఎవరైనా ముందు చూసేది ఆ శ్రద్ధనే. ఈ వారమే మీ మండలంలో ఒక గుట్టను ఎంచుకుని మొదటి ఫొటో తీయండి.