స్లే ద స్పైర్: ముక్క వద్దనడమూ ఆటే

పేకాట, లెక్కలు రెండూ ఇష్టమైనవారికి తగిన కంప్యూటర్ ఆట 'స్లే ద స్పైర్'. సియాటిల్‌లోని మెగా క్రిట్ సంస్థ 2019లో దీన్ని పూర్తిస్థాయిలో విడుదల చేసింది.

ఐరన్‌క్లాడ్ అనే వీరుడితో మొదలుపెడితే కట్టలో 10 ముక్కలుంటాయి. వంతుకి 5 ముక్కలు, 3 పాయింట్ల ఎనర్జీ ఇస్తారు. పోరు గెలిస్తే మూడు ముక్కలు చూపి ఒకటి ఎంచుకోమంటారు. వద్దనవచ్చు కూడా. కిటుకంతా ఇక్కడే ఉంది. 10 ముక్కల కట్టలో మంచి ముక్క రెండు వంతుల్లో వచ్చి తీరుతుంది; కట్ట 30కి పెరిగితే ఆరు వంతులు ఆగాల్సి రావచ్చు.

బలం: శత్రువు ఏం చేయబోతున్నాడో ముందే కనిపిస్తుంది. అందుకే ఓడినా, ఎక్కడ తప్పామో తెలుస్తుంది.

బలహీనత: కథ నామమాత్రం. కావలసిన ముక్క ఒక్కోసారి అసలు ఎదురుపడదు. ఓడితే మళ్ళీ మొదటికే.

కాబట్టి ముక్క బాగుందని కాదు, కట్టకు అవసరమైతేనే తీసుకోండి.