తాగుడు మాన్పించే వారికీ శిక్షణ కావాలి



పంచశీలలో ఐదవది మత్తుకు దూరంగా ఉండడం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలాది మందితో చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ అది ఉంది. మనం శీలం తీసుకున్నాం, మంచిదే. మరి మానాలని ఉండీ మానలేకపోతున్న మన చిల్లకల్లు తమ్ముడి సంగతేంటి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అక్కలు సారా కొట్టు మూయించారు. అది గొప్ప పోరాటం. కానీ కొట్టు మూసినంత మాత్రాన, మత్తుకు అలవాటుపడిన ఒళ్లు మానదు. దానికి పని తెలిసిన మనిషి కావాలి.

విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువుకు బుద్ధుడూ ఆనందుడూ కలిసి ఒళ్లు కడిగి మంచమెక్కించిన సంగతి వినయపిటకంలో ఉంది. రోగికి సేవ చేసేవారికి ఉండవలసిన ఐదు గుణాలనూ బుద్ధుడు బోధించాడు. మన శిక్షణకు అవే పాఠాలు.

1. వైద్యం తెలియాలి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానితే, ఒక రోజు లోపే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించవచ్చు. అది దయ్యం కాదు, ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

2. ఏది మేలో, ఏది కీడో తెలియాలి. అతనికి తెలియకుండా అన్నంలో మానుడు మాత్ర కలిపితే, తాగిన రోజున ప్రాణం మీదికి వస్తుంది.

3. లాభం ఆశించక మైత్రితో చేయాలి.

4. వాంతికీ మలమూత్రాలకూ అసహ్యపడకూడదు.

5. అప్పుడప్పుడు ధమ్మం చెప్పి ధైర్యమివ్వాలి. మళ్లీ తాగితే "నీ బతుకింతే" అనకండి. ఎక్కడ కాలు జారిందో అడగండి.

మరి సేవ చేసేవారిని ఎవరు చూసుకోవాలి? సంయుత్తనికాయంలో వెదురు గడ మీద ఆడే గురుశిష్యుల కథ ఉంది. తనను తాను కాపాడుకుంటే ఎదుటివారినీ కాపాడినట్టే అని అక్కడ బుద్ధుడు చెప్పాడు. కౌన్సిలర్లు, ఆశా అక్కలు రోజూ తిట్లు తింటారు. తాను మాని ఇతరులకు తోడుగా నిలిచినవాడికి మళ్లీ జారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే వారానికోసారి అనుభవమున్న పెద్దల దగ్గర కూర్చుని మనసులో మాట చెప్పుకోవాలి. అలసిన రోజు సెలవు తీసుకోవాలి. రోజూ కాసేపు ఆనాపానసతి చేయాలి.

ధనంబోడు స్తూపం నిలిచిన జగ్గయ్యపేట సీమ మనది. ప్రతి విహారం నుంచీ ఇద్దరు ఈ పని నేర్చుకోవడానికి ముందుకు రండి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఆ నంబరు విహారం గోడ మీద రాయండి.

జై భీమ్!