వినోద చికిత్సకు ముందు రోగి పరీక్ష

ఔషధమిచ్చుటకు ముందు రోగిని పరీక్షింపవలెనని అందరమూ ఒప్పుకొందుము. కాని ఇంటిలో మంచముపట్టిన పెద్దలకు కాలక్షేపము కల్పించునప్పుడు ఆ నియమము మనకు జ్ఞప్తికి రాదు. టీవీ పెట్టి, భక్తిపాటలు పెట్టి, మన కర్తవ్యము తీరినదనుకొందుము. వైద్యవృత్తిలో ఇరువది యేండ్లు గడచిన పిమ్మట నేనును ఈ పొరపాటే చేసితిని. అందువలన ఈ పాఠమును దానితోనే ఆరంభించుచున్నాను.

మా యింటి అనుభవము

2012లో మా అమ్మగారికి 76వ యేట తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగినది. ఎముక చక్కగా అతికినది. చేతికర్ర సాయముతో నడవవచ్చునని వైద్యులు చెప్పినారు. అయినను ఆమె గది విడిచి వచ్చెడిది కాదు. పురాణమనిన చెవి కోసుకొను మనిషి కదా అని ప్రతి సాయంత్రము టీవీలో ప్రవచనము పెట్టితిమి. ఐదు నిమిషములు కూర్చుండి లేచిపోయెడిది. రామాలయమునకు రమ్మనిన "నాకేమీ వద్దు నాయనా, మీరు వెళ్ళిరండి" అనెడిది.

ఇది వైరాగ్యమని మా అన్నగారు, మతిమరుపని నా భార్య, వాతప్రకోపమని నేను, ముగ్గురము మూడు పేర్లు పెట్టితిమి. నేను అశ్వగంధ లేహ్యము కూడ ఆరంభించితిని. ఆమెను కూర్చుండబెట్టి అడిగినవారము ఒక్కరమూ లేము.

ఒక మధ్యాహ్నము పెరటి అరుగుమీద ఆమె పూలమ్మితో కూర్చుండి మల్లెలు మాల కట్టుచుండుట చూచితిని. అరగంట సేపు కదలలేదు. నిన్న మూర ఎంత, మొన్న ఎంత అని లెక్క తప్పకుండ బేరమాడుచున్నది. పూలమ్మి మాత్రము ప్రతి మాటకు ఆమె చెవి దగ్గరకు వంగి బిగ్గరగా పలుకుచున్నది. మా యింటిలో వైద్యుడనైన నాకంటె ముందుగా అమ్మను పరీక్షించినది ఆ పూలమ్మియే.

ఆ రాత్రి నేనును దగ్గరగా కూర్చుండి అడిగితిని. "పంతులుగారి పెదవులు కదలడం కనిపిస్తుందిరా, మాట తెలియదు. నలుగురూ నవ్వితే నేనూ నవ్వాలి. ఎందుకొచ్చిన సిగ్గు!" అన్నది. చెవి వైద్యునివద్ద గుబిలి తీయించి, వినికిడి పరీక్ష చేయించి, యంత్రము అమర్పించితిమి.

శాస్త్రము చెప్పినది

చరక సంహిత సూత్రస్థానము 15వ అధ్యాయమున, వమన విరేచనాది చికిత్సలకు ముందు సిద్ధపరుపవలసిన చికిత్సాగృహము వర్ణింపబడినది. అందు పాత్రలు, పరుపులు, పాడియావుతోపాటు పాటలో, వాద్యములో, కథలలో, ఇతిహాస పురాణములలో నేర్పరులైనవారు కూడ ఉండవలెనని చెప్పబడినది. వారు పాడనేర్చిన చాలదు, రోగి మనసులోని కోరికను ఎరిగినవారై యుండవలెను. మనము పాటను గ్రహించి ఈ రెండవ నియమమును విడిచితిమి.

నేడు పాశ్చాత్య దేశములలో వినోద చికిత్స ఒక వృత్తిగా ఉన్నది. అమెరికాలో ఈ వృత్తివారి జాతీయ సంఘము 1984లో ఏర్పడినది. వారి పద్ధతిలో మెట్లు నాలుగు: పరీక్ష, ప్రణాళిక, ఆచరణ, ఫలిత సమీక్ష. మొదటి మెట్టు తప్పినచో మిగిలిన మూడును వ్యర్థములు. మన దర్శన, స్పర్శన, ప్రశ్నలనెడి త్రివిధ పరీక్షయు, సాత్మ్యము, సత్త్వము, వ్యాయామశక్తి మున్నగువానిని చూడుమన్న చరకుని దశవిధ పరీక్షయు ఈ పనికి చక్కగా సరిపోవును.

పరీక్షించు విధము

1. ప్రశ్న: మొదట రోగినే అడుగవలెను, బంధువులను పిమ్మట. "మీకేమి ఇష్టము?" అనినచో "ఏమీ లేదు" అను జవాబే వచ్చును. "ఆరోగ్యముగా ఉన్న రోజులలో భోజనమైన పిదప ఏమి చేసెడివారు? ఎవరితో? ఎప్పుడు మానితిరి? ఎందువలన?" అని అడుగవలెను. ఆ పనిలో ఏది నచ్చెడిదో కూడ తెలిసికొనవలెను. స్నేహితుల కబుర్లకొరకు పేకాడినవానికి పేకముక్కలు మాత్రమే ఇచ్చిన ప్రయోజనము లేదు.

2. దర్శనము: మూడు దినములు, వేర్వేరు వేళలలో, వారికి ఇబ్బంది కలుగకుండ గమనింపవలెను. ఏ వేళ ఉత్సాహముగా ఉన్నారు? ఎంతసేపు కూర్చుండగలరు? చేయి దేనివైపు పోవుచున్నది? ఎవరు వచ్చిన ముఖము వికసించుచున్నది?

3. శక్తి: చూపు, వినికిడి, చేతిపట్టు, లేచి నిలుచునప్పటి స్థిరత్వము శరీరమునకు చెందినవి. రెండు మూడు సూచనలను వరుసగా పాటింపగలుగుట, ఆట నియమము గుర్తుండుట బుద్ధికి చెందినవి. ఓటమిని, కొత్తవారిని తట్టుకొనుట మనస్సునకు చెందినది. నలుగురితో కలియుటకు గల అభ్యాసమును కూడ చూడవలెను.

4. అడ్డంకి: ఇది అన్నిటికంటె ముఖ్యము. కోరిక లేకపోవుట వేరు, కోరిక ఉండియు దారి మూసికొనిపోవుట వేరు. చూపు తగ్గినవారు పుస్తకమును, మూత్రము ఆపుకొనలేనివారు పేరంటమును, మెట్లు ఎక్కలేనివారు గుడిని "వద్దు" అందురు. ఆ వద్దు వెనుక ఏమున్నదో వెదకవలెను.

5. మాత్ర: వ్యాయామమును బలములో సగము వరకే చేయవలెనని వాగ్భటుడు చెప్పినాడు. వినోదమునకును అదియే కొలత. అరగంట కూర్చుండగలవారికి పావుగంటతో ఆరంభింపవలెను.

ఈ అయిదింటిని ఒక నోటుపుస్తకములో వ్రాసికొని, రెండు వారముల పిదప మరల చూచుకొనవలెను. ఎన్ని నిమిషములు పాల్గొన్నారు, తమంతట తామే అడిగినారా, నిద్ర, ఆకలి మెరుగైనవా అని గుర్తించిన ఫలితము తెలియును.

జాగ్రత్తలు

రెండు వారములకు మించి దేనియందును ఆసక్తి లేక, నిద్రాహారములు చెడి, దిగులుగా ఉన్నచో అది మానసిక వ్యాధి లక్షణము కావచ్చును. వైద్యుని సంప్రదింపవలెను. బ్రతుకు వద్దను మాట వచ్చినచో ఒక్క దినమైనను ఆగరాదు. మాట, నడక, ప్రవర్తన హఠాత్తుగా మారినచో వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. చెవి వినిపింపనిచో నూనెలు పోయక, పుల్లలు పెట్టక, ముందు వైద్యునిచే పరీక్ష చేయింపవలెను. ఆటలో ఛాతినొప్పి, ఆయాసము, కండ్లు తిరుగుట కనిపించిన వెంటనే ఆపి వైద్యునకు చూపవలెను.

యంత్రము పెట్టిన నెలకు మా అమ్మగారు తానే చెప్పులు వెదకికొని రామాలయమునకు బయలుదేరినది. తిరిగి వచ్చి, పంతులుగారు శబరి కథలో ఒక ఘట్టము మింగివేసినారని రాత్రి భోజనము వరకు మాతో వాదులాడినది. వైరాగ్యమని మేము పేరుపెట్టినది దీనినే. మీ యింటిలో "నాకేమీ వద్దు" అను పెద్దలున్నచో ఈ సాయంత్రము టీవీ కట్టివేసి, వారికి దగ్గరగా కూర్చుండి పై ప్రశ్నలను అడుగుడు. జవాబునకు తొందరపెట్టకుడు.