మార్జాల కిశోరం

పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని తెలుగునాట పెద్దలు అంటారు. అటక మీదనో, గాదె వెనుకనో ఈనిన పిల్లి, ఆ చోట అలికిడి ఎక్కువైందని తోచగానే కూనలను ఒక్కొక్కటిగా నోట కరచుకొని మరొక చోటికి చేరుస్తుంది. తల్లి మెడ పట్టుకోగానే కూన కాళ్ళు ముడుచుకొని కదలక మెదలక వేలాడుతుంది. తాను ఎక్కడికి పోతున్నదో అది ఎరుగదు. ఎరుగవలసిన అవసరమూ దానికి లేదు. ఈ దృశ్యమే వేదాంతంలో మార్జాల కిశోర న్యాయమైంది. విశిష్టాద్వైతులలో తెంగలై సంప్రదాయం వారు జీవుడు పిల్లికూనవలె సర్వభారమూ భగవంతునిపై వేయాలన్నారు. వడగలై సంప్రదాయం వారు తల్లి కడుపును తానే గట్టిగా పట్టుకొనే కోతిపిల్లను ఉపమానంగా చూపారు.

ఆ తత్త్వచర్చ ఎట్లున్నా, తల్లి నోటిపట్టు తప్పిన కూన ఒకటి నేడు నగరాలలోని ఇళ్ళకు వస్తున్నది. అది అటక మీద పుట్టినది కాదు. పర్షియన్ అనో, సయామీ అనో జాతిపేరుతో, వంశావళి పత్రంతో, బుట్టలో కూర్చొని కారులో వస్తుంది. ఇంటివారికి అది పండుగ. కూనకు మాత్రం తల్లి, తోబుట్టువులు, తెలిసిన వాసనలు అన్నీ ఒక్కపూటలో మాయమైన దినం.

పిల్లికీ మనిషికీ స్నేహం పాతదే. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి అస్థిపంజరం చెంతనే పిల్లి అస్థిపంజరం ఉన్నట్లు 2004 లో పరిశోధకులు ప్రకటించారు. జాతుల ముచ్చట మాత్రం నిన్న మొన్నటిది. 1871 లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వెయిర్ పెద్ద పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేసిన తరువాతనే జాతిలక్షణాల నిర్ణయం, వంశావళుల నమోదు ఊపందుకున్నాయి. కనుక పర్షియన్ కూన పట్టువంటి బొచ్చు కింద ఉన్నది ఎలుకల కోసం ధాన్యపు కొట్లను చేరిన ఆ నాటి వేటజీవమే. కొత్త యజమానులు తరచు మరచేది ఈ సంగతినే.

కూన పుట్టిన రెండవ వారం నుంచి ఏడవ వారం వరకు గల కాలం మిక్కిలి విలువైనది. ఆ రోజులలో మనిషి చేతిస్పర్శ ఎరిగిన కూన తరువాత మనుషులను చూసి బెదరదు. తోబుట్టువులతో పెనుగులాడుతూ ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాడు కేకవేస్తాడో నేర్చుకొనేది కూడ తల్లి చెంతనే. అందుకే మంచి పెంపకందారులు 12, 13 వారాలు నిండక ముందు కూనను అప్పగించరు. ముద్దుగా ఉన్నదని నెల దాటగానే తెచ్చుకోవడం కూనకు అన్యాయం చేయడమే.

వచ్చిన కూనను ఇల్లంతా తిప్పి చూపాలని పిల్లలు ఉబలాటపడతారు. చుట్టుపక్కలవారు కూడ చూడవస్తారు. ఆ వేడుకను కొద్ది రోజులు వాయిదా వేయడం మేలు. మొదట ఒక చిన్న గది చాలు. ఒక మూల ఆహారం, నీరు. వాటికి దూరంగా ఇసుక పళ్ళెం. దాక్కోవడానికి బోర్లించిన అట్టపెట్టె. మలమూత్రాలను ఇసుకలో కప్పిపెట్టడం కూనకు సహజగుణం. పళ్ళెం చూపితే చాలు, బెత్తం అవసరం లేదు. పుట్టినచోటి పాతగుడ్డ ఒకటి వెంట తెచ్చి పరిస్తే తెలిసిన వాసన కొంత ధైర్యమిస్తుంది. కూన మంచం కిందికి దూరితే బయటికి ఈడ్వరాదు. గదిలో ఒకరు నేలపై కూర్చొని, దానిని పట్టించుకోనట్లు పుస్తకం చదువుకొంటూ ఉంటే, కొంతసేపటికి అదే వచ్చి కాలివేలు వాసన చూస్తుంది.

తొలి అనుభవం ఎంత బలమైనదో తెనాలి రామకృష్ణుని పిల్లికథ చెబుతుంది. ఎలుకల బాధ తీర్చడానికి రాయలవారు పిల్లినీ, దాని పాలకోసం ఆవునూ ఇప్పించగా, రామకృష్ణుడు మొదటినాడే మరిగే పాలు పెట్టి దాని మూతి కాల్చాడట. ఆపైన అది పాలగిన్నెను చూస్తేనే పరుగెత్తేది. కథ నవ్విస్తుంది గాని, కూన పక్షాన నిలిచి వింటే నవ్వు రాదు. అయితే పాలు మానినందువల్ల ఆ పిల్లికి పెద్ద నష్టమేమీ జరగలేదు. తల్లిపాలు విడిచిన పిల్లులలో పెక్కింటికి పాలలోని చక్కెర సరిగా అరగదు. ఆవుపాలు తాగిన కూనకు విరేచనాలు పట్టుకోవడం సామాన్యం.

పాలకన్న పెద్ద చిక్కు పెరుగన్నం. పిల్లి కుక్కవలె అన్నీ తిని బతికే ప్రాణి కాదు. మాంసంలో, చేపలో లభించే టారిన్ అనే పదార్థాన్ని దాని శరీరం చాలినంతగా తయారు చేసుకోలేదు. అది కొరవడితే కాలక్రమంలో కంటిలోని నేత్రపటలం చెడి చూపు పోతుంది, గుండె కండరం సడలుతుంది. గుండెజబ్బుతో దీనికి గల సంబంధం 1987 లో వెల్లడైన పిదప తయారీ ఆహారాలలో టారిన్ పాలు పెంచారు. శాకాహార నియమం గల ఇంటివారు ఈ సంగతిని కూన రాకముందే తేల్చుకోవాలి. వచ్చిన తరువాత దానిచేత నియమం పాటింపజేయడం ధర్మం కాదు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి. మనుషుల జ్వరానికి వాడే పారాసెటమాల్ ప్రాణమే తీస్తుంది. టీకాల క్రమం పశువైద్యుడు నిర్ణయిస్తాడు.

ఇక ఆట. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత పుట్టినది ఊరకనే కాదు. పొంచడం, నడుము ఊపడం, దూకడం, పట్టి వెనుకకాళ్ళతో తన్నడం - ఇవన్నీ వేట పాఠాలే. తోబుట్టువులు లేని కొత్త ఇంట ఆ పాఠాలకు దొరికేది మనిషి చేయి. కూన వేలు కొరికితే చక్కిలిగింతగా ఉంటుందని ఇంటివారు నవ్వి ఊరుకొంటారు. ఆరు నెలలు నిండేసరికి 26 పాలపళ్ళు ఊడి 30 గట్టిపళ్ళు వస్తాయి. అప్పుడు అదే ఆట రక్తం కళ్ళజూపుతుంది. నవ్వినవారే కూనను కొడతారు. తప్పు ఎవరిదో కూనకు తెలియదు. కనుక మొదటినాటి నుంచే చేతికి బదులు కర్రకు కట్టిన ఈకను ఆడించాలి. చివరకు ఆ ఈక దానికి చిక్కాలి కూడ. ఎన్నటికీ చిక్కని వేట దానిని విసిగిస్తుంది. పొద్దువాలిన వేళ కాసేపు ఇట్లు ఆడించి ఆపైన ఆహారం పెడితే, నడిరాత్రి పరుగులు తగ్గుతాయి.

ఆట ముగిశాక దారాన్ని దాచిపెట్టాలి. పిల్లి నాలుక మీది ముళ్ళు గొంతువైపు వంగి ఉంటాయి. నోటపడిన దారాన్ని ఉమ్మివేయడం దానికి కష్టం. మల్లెచెండు కట్టిన దారం, కుట్టుదారం, గాలిపటపు మాంజా - ఏది మింగినా పేగులు ముడుతలుపడి తెగవచ్చు. దారపు కొస బయటికి కనిపించినా లాగక, వెంటనే వైద్యుని చెంతకు తీసుకొని పోవాలి. మేడలలో నివసించేవారు బాల్కనీకి వల బిగించకుండా తలుపు తీయరాదు.

పర్షియన్ కూనకు మరికొంత శ్రద్ధ కావాలి. దాని బొచ్చును ప్రతిదినం దువ్వకపోతే ఉండలు కట్టి చర్మాన్ని లాగుతుంది. అణగిన ముక్కు వల్ల కన్నీరు కారుతుంది, వేసవిలో ఊపిరి బరువవుతుంది. మూత్రపిండాలలో నీటితిత్తులు ఏర్పడే వ్యాధి ఈ జాతిలో వంశపారంపర్యంగా కనిపిస్తుంది. దానికి కారణమైన జన్యులోపాన్ని 2004 లో గుర్తించారు. వంశావళి పత్రం చూపే అమ్మకందారును ఆ జన్యుపరీక్ష ఫలితం కూడ అడగాలి.

కొన్నాళ్ళకు కూన మొదటి గది గుమ్మానికి చెంప రుద్దుతుంది. చెంపలలోని గ్రంథుల వాసనను అక్కడ అద్ది, ఆ చోటు తనకు తెలిసినదని గుర్తుపెట్టుకొనే పని అది. అప్పుడు రెండవ గది తలుపు తీయవచ్చు.